ఎవరింటి కాగితం ఇది

నరేంద్రన్ సార్ బల్ల సొరుగులోంచి ఒక ముసలామె గొంతు వినిపించింది.

"వినపడతా ఉండాదా టీచరమ్మా? మేము చేను ఎట్లా కొలిచేవాళ్లమని అడిగినారు కదా. టేపు యాడిది అప్పుడు? కాళ్లే టేపు."

స్టాఫ్‌రూమ్‌లో అతనొక్కడే ఉన్నాడు. బయట అక్టోబరు వాన. ఎనిమిదో తరగతి లెక్కల నోట్లు దిద్దుతున్న ఎర్ర పెన్ను ఆగిపోయింది. పది నిమిషాల కిందట వరండాలో ఒక పిల్ల చేతిలోంచి తీసుకుని సొరుగులో పడేసిన ఫోన్ అది. స్క్రీన్ లాక్ పడిపోయింది. ఒక వాయిస్ నోట్ అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతోంది.

"ఈ గట్టు నించి ఆ గట్టుకు నలభై అడుగులు. నా అడుగులు. మా ఆయన అడుగులైతే ముప్పయి," అని సొరుగు చెప్పుకుంటూ పోయింది.

"రవ్వంతసేపు గమ్మునుండు తల్లీ," అన్నాడు నరేంద్రన్ సొరుగుతో.

తలుపు దగ్గర ఎవరో నవ్వారు.

"అవ్వకు చెప్తే వినదు సార్. నేను కూడా చెప్పి చూసినా."

తడిసిన గొడుగు గడప అవతల పెట్టి లోపలికి వచ్చింది జనని. సోషల్ టీచర్ కాన్పు సెలవు మీద వెళితే ఆ ఖాళీలో నవంబరు చివరిదాకా పనిచేయడానికి వచ్చింది. చేరి రెండు వారాలైంది. ఈ రెండు వారాల్లో ఇద్దరి మధ్యా నడిచింది పొద్దున ఒక వణక్కం, సాయంత్రం ఒక వణక్కం. అదీ తమిళంలో.

"మీరు తెలుగా?" అన్నాడు.

"ఇంట్లో."

"మేమూ ఇంట్లోనే."

సొరుగు మళ్లీ అందుకుంది. జనని చెయ్యి చాచింది. "ఆ ఫోన్ నాది సార్."

"ఎయిత్ బి లోకేశ్వరి చేతిలో ఉండింది."

"నేనే ఇచ్చినా. వాళ్ల అవ్వ మాట్లాడింది కదా, అది విని రాసుకోమని."

"పిల్లల చేతిలో ఫోన్ దొరికితే తల్లో తండ్రో వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాల. రూల్."

"మా అమ్మ అరియాంకుప్పంలో ఉండాది. పిలిపించమంటారా? ఆమె వచ్చిందంటే మీకు రెండు పీరియడ్లు పోతాయి సార్."

నరేంద్రన్‌కు నవ్వు రాబోయి ఆగింది. దాదాపు ఏడాదిగా నవ్వు అతని దగ్గర అలాగే సగం దారిలో ఆగిపోతోంది. రిజిస్టర్ తెరిచి ఆమె ముందుకు జరిపాడు. స్కేలు పెట్టి గీసిన గడులు. 'సంరక్షకుల పేరు' అన్న గడిలో జనని తమిళంలో 'నేనే' అని రాసి సంతకం పెట్టింది. పెట్టి, ఫోన్ అందుకుని, అవ్వ గొంతు ఆపి, "మార్జిన్ చాలా బాగా గీస్తారు సార్," అని వెళ్లిపోయింది.

ఆ మాట మెచ్చుకోలో ఎగతాళో అతనికి సాయంత్రం వరకు తేలలేదు.

*

మర్నాడు హెడ్మాస్టర్ శివరామన్ ఇద్దర్నీ పిలిచాడు. ఆయన బల్ల మీద నరేంద్రన్ జూన్‌లో రాసిచ్చిన కాగితం ఉంది: బడికీ ఫోన్‌కూ సంబంధం ఉండకూడదని. దాని పక్కన జనని రాసిచ్చిన కాగితం ఉంది: ఎనిమిదో తరగతి పిల్లల ఇళ్లతో ఒక వాట్సాప్ గ్రూప్ నడుపుతానని.

"పిల్లలకు ఫోన్లు ఇవ్వం సార్," అంది జనని హెడ్మాస్టర్‌తో. "గ్రూపులో ఉండేది అమ్మానాయనల ఫోన్లు. సాయంత్రం ఆరు నించి ఏడు దాకా మాత్రమే తెరుస్తాం. వారానికి ఒక ప్రశ్న. జవాబు పుస్తకంలో ఉండదు, ఇంట్లో పెద్దవాళ్లను అడగాల. వాయిస్ నోట్ పెట్టాల, ఒక నిమిషం దాటకూడదు. అక్షరం రానివాళ్లు కూడా గొంతుతో పాఠం చెప్పొచ్చు కదా."

"మంచి మాటే," అన్నాడు శివరామన్. తర్వాత నరేంద్రన్ వైపు చూశాడు. "నువ్వు వద్దంటావు. ఆమె కావాలంటుంది. నువ్వే ఆ గ్రూపులో ఉండు. నవంబరు చివరికి నాకు రిపోర్ట్ ఇవ్వు. నువ్వు ఆపమంటే ఆపేస్తా."

బయటికి వచ్చాక జనని అడిగింది. "రిపోర్ట్‌కు కూడా మార్జిన్ గీస్తారా సార్?"

"గీస్తా."

"అయితే జాగ్రత్తగా ఉండాల," అంది. ఈసారి అది ఎగతాళే.

*

మొదటి ప్రశ్న సోమవారం ఆరింటికి వచ్చింది. నరేంద్రన్ మురుంగపాక్కంలో ఇంటి వంటగదిలో, నాన్నకు కాఫీ కలుపుతూ ఫోన్ తెరిచాడు. ప్రశ్న మూడు లిపుల్లో ఉంది. తమిళం. ఇంగ్లీషు. దాని కింద తెలుగు.

'మీ ఇంట్లో గాలికి ఎన్ని పేర్లు ఉన్నాయి? ఏ గాలి ఎటు నుంచి వస్తుంది?'

కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

ఈ తమిళ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లూ చాలానే ఉన్నాయి. తెలుగు రాసే చెయ్యి ఒక్కటే అతనికి తెలుసు. సూళ్లూరుపేట నుంచి కోడలిగా వచ్చిన అమ్మ కనకం చెయ్యి. ఆమె రాసేది రోజూ చింపే తమిళ క్యాలెండర్ చీటీల వెనక. నిన్నటి చీటీ చింపి, వెనక రెండు ముక్కలు రాసి, గోడ మేకుకు గుచ్చేది. 'పెరుగు తోడేశాను, కదపొద్దు.' 'చారులో ఉప్పు చూసుకో.' ఆ చీటీలు చదివే మనిషి ఒకరు కావాలనే కొడుక్కి అక్షరాలు నేర్పింది. భర్త సుధాకరన్ తపాలా ఆఫీసులో ముప్పయి ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషే. అయినా భార్య చీటీ మాత్రం చదవలేకపోయేవాడు. కొడుకు చదివి వినిపించేవాడు.

కిందటి డిసెంబరు ఇరవై నాలుగున ఆమె పోయింది. ఆ ఏటి క్యాలెండర్ ఇంకా గోడకే ఉంది. అట్టకు ఎనిమిది చీటీలు మిగిలాయి. వాటిని చింపడం ఎవరి వల్లా కాలేదు.

"ఏంది, కాఫీ ఆరిపోతా ఉండాది," అన్నాడు సుధాకరన్.

"ఏం లేదు నాయనా. బడి సంగతి."

ఆ సాయంత్రం ముప్పయి ఏడు వాయిస్ నోట్లు వచ్చాయి. రిపోర్ట్ రాయాలి కాబట్టి నరేంద్రన్ అన్నీ విన్నాడు. ముప్పయ్యోది వైతికుప్పం జాలరిపేట నుంచి వచ్చింది. మాట్లాడింది గురు. జూన్ నుంచి లెక్కల క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని ఒక్కసారి కూడా నోరు తెరవని పిల్లవాడు. వెనక అలల చప్పుడు. గురు ఆగకుండా చెబుతున్నాడు: ఉత్తరం నుంచి వచ్చేది వాడై, తూర్పు నుంచి వచ్చేది కొండల్, పడమటి నుంచి వచ్చేది కచ్చాన్. ఏది వీస్తే పడవ తియ్యకూడదో, ఏది వీస్తే ఏ చేప దగ్గరికి వస్తుందో. యాభై ఎనిమిది సెకన్లు.

దాని కింద జనని గొంతు. "గురూ, వాడైకీ కొండల్‌కీ నడిమధ్యలో వచ్చే గాలికి పేరుందా? నాయన్ని అడిగి చెప్పు." ముప్పయి ఏడు మందికీ ఆమె ఇలా పేరు పెట్టి జవాబిచ్చింది. ఏ ఒక్కరికీ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోలేదు.

మర్నాడు నరేంద్రన్ బోర్డు మీద వృత్తం గీసి, సుద్దముక్క గురు చేతికిచ్చాడు. "నీ గాలులు దీంట్లో పెట్టు." గురు పెట్టాడు. "వాడైకీ కొండల్‌కీ మధ్య కోణం ఎంత?"

"తొంభై సార్," అన్నాడు గురు.

క్లాసు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. కిటికీ బయట వరండాలో పోతూ పోతూ జనని ఆగింది. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని వెళ్లిపోయింది. ఆ రోజు పాఠం అతనికి బాగా కుదిరింది.

*

ఇద్దరిదీ ఒకటే బస్సు. ఊళ్లోంచి దక్షిణానికి పోయే బస్సులో ముందు మురుంగపాక్కం వస్తుంది, తర్వాత నది, నది దాటితే అరియాంకుప్పం. అక్టోబరు గడిచేసరికి జనని పక్క సీటు మీద సంచీ పెట్టి ఉంచడం, అతను ఎక్కగానే తియ్యడం అలవాటైపోయింది.

"పాండియన్ అన్న ఈ పొద్దు గులాబీ పెట్టలేదు, చూసినారా సార్?" అంది ఒక రోజు.

పాండియన్ ఆటో నడుపుతాడు. కూతురు ఎయిత్ బి. గ్రూపులో రోజూ పొద్దున గులాబీ పువ్వు బొమ్మ, కింద గుడ్ మార్నింగ్. జనని అతన్ని తిట్టలేదు. 'పువ్వు బాగుండాది అన్నా. మన ఊరికి ఈ పువ్వు యాడనించి వస్తుందో మార్కెట్‌లో అడిగి ఒక నిమిషంలో చెప్పండి' అని అడిగింది. పాండియన్ నిజంగానే అడిగి చెప్పాడు. ఆ రోజు నుంచి పువ్వులు మానేసి ప్రశ్నలు పెడుతున్నాడు.

"ఆయన ప్రశ్నలే కష్టంగా ఉంటా ఉండాయి," అన్నాడు నరేంద్రన్.

"మీరెందుకు ఎప్పుడూ టైప్ చేస్తారు సార్? అదీ 'సరి' అని ఒక్క మాట. పిల్లలు మీకు గొంతు లేదనుకుంటా ఉండారు."

"క్లాసులో వింటారు కదా."

"క్లాసులో వినేది లెక్కల గొంతు."

నరేంద్రన్ కిటికీలోంచి చూశాడు. వాన అద్దం మీద అడ్డంగా పరుగెత్తుతోంది. అటే చూస్తూ అన్నాడు. "మీ తెలుగు రాత చక్కగా ఉంటుంది. ఒక్క తప్పుండదు."

జనని అతని వైపు తిరిగింది. ఏదో చెప్పబోయి, పెదవి కొరుక్కుని, "నిజంగానా?" అంది.

"నిజం. అది చూడటానికే ఆరింటికి ఫోన్ తెరుస్తా."

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. చెవి తమ్మె ఎర్రబడడం అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కళ్లెత్తేసరికి కింద నది కనిపించింది.

"సార్, మురుంగపాక్కం పోయింది," అంది జనని.

"తెలుసు. అరియాంకుప్పంలో పనుండాది."

"ఏం పని?"

"చిన్న పని," అన్నాడు. దిగి, వానలో నిలబడి, ఎదురు బస్సు కోసం ముప్పావుగంట ఎదురుచూశాడు.

*

నవంబరు చివరి వారంలో ఆఖరి ప్రశ్న వచ్చింది. 'మీ ఇంట్లో ఎవరికీ చదవడం రాని కాగితం ఉందా? తీసుకురండి. చదివేవాళ్లను గ్రూపులో వెతుకుదాం.'

జనని బల్ల మీద బిస్కెట్ డబ్బా పెట్టింది. రెండు రోజుల్లో డబ్బా నిండింది. ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పటి ముత్తాత పెన్షన్ కాగితాలు, పాత తమిళ అంకెల్లో భూమి పత్రాలు, ఎవరో ఎవరికో రాసిన శుభలేఖలు. సాయంత్రం ఆరింటికి ఒక్కొక్కటే ఫొటో. ఫ్రెంచి కాగితం ఒకరి మేనత్త చదివింది. అది పెన్షన్ కాదని, ముత్తాతకు బ్యాండ్ మేళంలో బాకా ఊదే ఉద్యోగం ఇచ్చిన ఆర్డరని తేలింది. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా దాన్ని దేవుడి పటం వెనక దాచారట.

నరేంద్రన్ రిపోర్ట్ రాయడం మంగళవారమే పూర్తయింది. తమిళంలో అరపేజీ. కానీ రాయవలసింది ఇంకొకటి మిగిలింది. శుక్రవారం జననికి ఆఖరి రోజు. సోమవారం నుంచి ఆమె కారైకాల్‌లో ఇంకో బడికి వెళుతుంది. కారైకాల్ అంటే బస్సులో నాలుగు గంటలు. ఎదురెదురుగా చెప్పడానికి అతనికి నోరు రాదని అతనికే తెలుసు. రాయడం వచ్చు. ఆమెకు చదవడం వచ్చు. ఈ ఊళ్లో ఇంకెవరికీ రాదు.

బుధవారం పొద్దున అతను వంటగది గోడ నుంచి పాత క్యాలెండర్ దింపాడు. మిగిలిన ఎనిమిది చీటీలూ ఒక్కొక్కటే చింపాడు. తెలుగు ఎప్పుడు రాసినా అతను రాసింది వాటి వెనకే. ఇంకో కాగితం మీద చెయ్యి సాగలేదు.

సుధాకరన్ ఖాళీ అట్ట చూశాడు. "చింపినావా?"

"ఆమా నాయనా, చింపినా."

"మంచిది," అన్నాడాయన.

ఎక్కడా పేరు రాయలేదు. ఆమె పేరు రాయడానికి జంకాడు, తన పేరు రాయడానికి సిగ్గుపడ్డాడు. గురువారం మధ్యాహ్నం ఆ చీటీలు మడిచి, జనని బల్ల మీదున్న ఎయిత్ బి హాజరు రిజిస్టర్‌లో పెట్టాడు.

*

గురువారం సాయంత్రం ఆరు గంటల రెండు నిమిషాలకు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. డిసెంబరు ఇరవై నాలుగు చీటీ, వెనక వైపు. నరేంద్రన్ చేతిరాత.

వెంటనే జనని గొంతు. "ఇది ఎవరింటి కాగితం? రిజిస్టర్‌లోంచి కింద పడిందని లోకేశ్వరి తెచ్చి డబ్బాలో వేసింది. పేరు లేదు. ఎవరో అవ్వ క్యాలెండర్ చీటీ మీద రాసి పెట్టుకుంది పాపం. తెలుగు మాదిరి ఉండాది. నాకు తెలుగు చదవను రాదని మీకందరికీ తెలుసు కదా. నేను ఫోన్‌కు నోటితో చెప్తే అదే రాస్తుంది. ఈ చేతిరాత దానికి అర్థం కావడం లేదు. మీ ఇళ్లలో చదివేవాళ్లు ఉంటే చదివిపెట్టండి."

మీకందరికీ తెలుసు కదా. నలభై ఒక్క మంది పిల్లలకూ, వాళ్ల అమ్మానాయనలకూ, పాండియన్‌కూ తెలుసు. తెలియనిది అతనొక్కడికే.

నరేంద్రన్ నిలబడి ఉన్నవాడు అలాగే కుర్చీలో కూర్చున్నాడు. 'ఆ ఫొటో తీసెయ్యండి' అని టైప్ చేశాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? చెరిపేశాడు. మళ్లీ టైప్ చేశాడు. ఇంతలో లోకేశ్వరి ఇంటి నంబరు నుంచి వాయిస్ నోట్ వచ్చింది. ఆనాడు సొరుగులో మాట్లాడిన గొంతే. మహాలక్ష్మి అవ్వ.

"చిన్నప్పుడు నాలుగు అక్షరాలు నేర్చుకున్నా టీచరమ్మా. ఉండు, కళ్లజోడు పెట్టుకుంటా. ఆఁ. 'ఈ ఊళ్లో తెలుగు అక్షరం ఇంక చూడననుకున్నాను. అక్టోబరులో ఒక సాయంత్రం మీ ప్రశ్న చూశాను. ఆ పూట చాలా రోజుల తర్వాత అన్నం...'"

అవ్వ ఆగింది. ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది.

"టీచరమ్మా. ఇది పాత కాగితం కాదు. తేదీ పాతది, మాట కొత్తది. ఒకరు ఒకరికి రాసుకున్నది. పదిమందిలో చదివేది కాదు ఇది. రాసినవాళ్లే వచ్చి చదవాల. నేను కళ్లజోడు తీసేసినా."

పాండియన్ అందుకున్నాడు. "అవ్వా, మిగతాది?"

"నీకు సవారీ రాలేదా పాండియా?" అంది అవ్వ.

రెండు నిమిషాలకు ఫొటో మాయమైంది. ఏడింటికి జనని గ్రూపు మూసింది. అంతవరకూ ఆమె ఏ రోజూ 'రేపు కలుద్దాం' అనకుండా మూయలేదు.

సుధాకరన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కొడుకు ముఖం చూశాడు, గోడ మీది ఖాళీ మేకు చూశాడు. "అవ్వ మంచి మనిషి," అని మాత్రం అన్నాడు.

*

శుక్రవారం పొద్దున శివరామన్ రిపోర్ట్ చదివి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఇది నువ్వే రాసినావా? 'ఈ బడి పిల్లలకు నేను నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను. వాళ్ల ఇళ్లు నాకు పాఠం చెప్పగలవని ఈ రెండు నెలల్లో తెలిసింది. ఆపవద్దు.'"

"నేనే సార్."

"ఆమె వెళ్లిపోతా ఉండాది. ఇంక ఎవరు నడుపుతారు?"

"నేను."

"వాయిస్ నోట్ పెట్టాలంట కదా. నీకు నోరుండాదా?"

"నేర్చుకుంటా సార్," అన్నాడు నరేంద్రన్.

సాయంత్రం పిల్లలందరూ వెళ్లేదాకా జనని వరండాలోనే నిలబడింది. వాన జోరుగా పడుతోంది. బస్సు టైము దాటిపోయింది. ఆమె చేతిలో ఎనిమిది చీటీలు, తడవకుండా ప్లాస్టిక్ కవరులో. నరేంద్రన్ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు.

"నాదని ఎట్లా తెలిసింది?" అన్నాడు.

"క్యాలెండర్ చీటీ వెనక స్కేలు పెట్టి మార్జిన్ గీసేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరుండారు సార్? ఫొటో తీసేటప్పుడు చూడలేదు. అవ్వ కళ్లజోడు తీసేసినాక చూసినా."

అతను తల వంచుకున్నాడు. ఆమె గొంతు తగ్గింది.

"నేనొకటి చెప్పాల. బస్సులో మీరు నా రాత బాగుందన్న రోజే చెప్పాల్సింది. అది నా రాత కాదని. మీరు అంత బాగుందన్నాక ఇంగ ఎట్లా చెప్పేది? అక్షరం ఫోన్‌ది. మాట ఒకటే నాది. మీరు రాసింది తెలుగు చదివే మనిషికి కదా. అది నేను కాదు. మీకు కావాలంటే ఇవి వెనక్కి తీసుకోండి."

కవరు ముందుకు చాపింది. నరేంద్రన్ తీసుకోలేదు.

రాత్రంతా అతను ఆలోచించింది అదే. అక్షరం చూసి మొదలైన మాట నిజం. కానీ గురు చేతిలో సుద్దముక్క పెట్టించింది అక్షరం కాదు. పాండియన్ గులాబీల్ని ప్రశ్నలుగా మార్చింది అక్షరం కాదు. నలభై ఒక్క ఇళ్ల గొంతుల్ని చివరి సెకను దాకా వినే మనిషికి చదవడం రాకపోతే, చదివి వినిపించే మనిషి ఒకరు చాలు. చిన్నప్పటి నుంచి తన ఇంట్లో తను చేసిన పని అదే.

"కూర్చోండి," అన్నాడు. "రాసినవాళ్లే చదవాలన్నది కదా అవ్వ."

మెట్టు మీద కూర్చున్నారు. అతను మొదటి చీటీ తీశాడు.

"ఒక నిమిషం దాటకూడదు సార్," అంది జనని. తర్వాత నెమ్మదిగా, "సరే, దాటండి," అంది.

"'ఈ ఊళ్లో తెలుగు అక్షరం ఇంక చూడననుకున్నాను,'" అని మొదలుపెట్టాడు. "'అక్టోబరులో ఒక సాయంత్రం మీ ప్రశ్న చూశాను. ఆ పూట చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.'"

రెండో చీటీ. "'మీరు అందరి గొంతులూ చివరిదాకా వింటారు. గురు గొంతు ఎలా ఉంటుందో నాకు మీ వల్ల తెలిసింది. పాఠం చెప్పడమంటే చెప్పడమే అనుకుంటూ వచ్చాను.'"

మూడోది. "'గాలుల్ని లెక్కలో ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ నా స్టాపు ఒకసారి దాటిపోయాను. రెండోసారి దాటిపోయింది గాలి గురించి కాదు.'"

"అరియాంకుప్పంలో పనుందన్నారే, ఆ పొద్దా?"

"ఆమా."

"వానలో ఎంతసేపు నిలబడినారు?"

"ముప్పావుగంట."

జనని నవ్వింది. అతనూ నవ్వాడు. ఈసారి నవ్వు దారిలో ఆగలేదు. నాలుగో చీటీ, అయిదోది అమ్మ గురించి. వాటిని అతను నెమ్మదిగా చదివాడు. ఒకచోట ఆగిపోతే జనని తొందరపెట్టలేదు. వాయిస్ నోట్ మధ్యలో ఎవరైనా ఆగితే ఆమె ఎలా వింటుందో అలాగే విన్నది. ఆరో చీటీ అయింది. ఏడోది అయింది.

ఎనిమిదో చీటీ తియ్యబోతే ఆమె దాని మీద చెయ్యి పెట్టింది. డిసెంబరు ముప్పయి ఒకటి.

"ఇది వద్దు. ఇది నేనే చదువుకుంటా."

"మీకు చదవను..."

"రాదు. నేర్పండి. ఎన్ని దినాలు పడుతుంది?"

అతను లెక్కవేశాడు. లెక్కల మాస్టారు కదా. "రోజుకు రెండక్షరాలు. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే జనవరి చివరికి."

"గ్రూపులోనే నేర్పండి. నాకొక్కదానికే కాదు, మన తెలుగిళ్ల పిల్లలకు కూడా. గొంతుతో. టైపింగ్ చెల్లదు," అంది. చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. "నన్ను గ్రూపులోంచి తీసెయ్యొద్దు సార్."

"కండిప్పా తియ్యను, ఎప్పటికీ తియ్యను," అన్నాడు నరేంద్రన్.

*

సోమవారం ఆరింటికి గ్రూపులో నల్ల పలక ఫొటో వచ్చింది. రెండక్షరాలు, పక్కన మార్జిన్. కింద మొట్టమొదటిసారి నరేంద్రన్ సార్ గొంతు: "ఇది 'అ'. ఇది 'ఆ'. చుట్టూ చూసి మీ ఇంట్లో 'అ'తో మొదలయ్యే మనిషి పేరు చెప్పండి."

'అవ్వ' అని పన్నెండు ఇళ్ల నుంచి జవాబు వచ్చింది. కారైకాల్ నుంచి ఒకటి వచ్చింది: "అ, అరియాంకుప్పం. మనిషి కాదు, అయినా రాసుకోండి సార్."

రోజుకు రెండు. పిల్లలు పలకలు పట్టుకుని ఫొటోలు పెట్టారు. మహాలక్ష్మి అవ్వ తప్పులు దిద్దింది. పాండియన్ తెలుగువాడు కాకపోయినా ఆటో వెనక 'ప' రాయించాడు. గురు ఎవరూ అడగకుండానే వాడైని తెలుగులో రాసి పెట్టాడు. మురుంగపాక్కం ఇంట్లో సుధాకరన్ ఆరింటికల్లా కుర్చీ కొడుకు పక్కకు లాక్కునేవాడు. ఆయన ముందు ఒక రేకు డబ్బా ఉండేది. అందులో కనకం రాసిన చీటీలు. ఎప్పుడు దాచాడో, ఎన్నేళ్లుగా దాచాడో ఆయన చెప్పలేదు, నరేంద్రన్ అడగలేదు.

జనవరి ఆఖరి శుక్రవారం, గ్రూపు మూసిన తర్వాత, నరేంద్రన్‌కు విడిగా ఒక వాయిస్ నోట్ వచ్చింది. కాగితం విప్పిన చప్పుడు. తర్వాత జనని, ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ.

"మీ... కు... స... మ్మ... సమ్మ-త-మై-తే. మీకు సమ్మతమైతే. మా ఇం... ఇంటి... మేకుకు మళ్లీ... చీ-టీ-లు... గు-చ్చు-దాం. ఒకరు... రాయడం... ఒకరు చదవడం."

కాగితం మడిచిన చప్పుడు. ఆమె కొనసాగింది.

"ఈ ఒత్తు నన్ను రెండు దినాలు ఏడిపించింది సార్. ఇది మీరు నన్ను అడిగింది. చదివింది నేను కాబట్టి ఇప్పుడు నేనే మిమ్మల్ని అడుగుతా ఉండా. మా అమ్మకు చెప్పినా. ఆమె మీతో మాట్లాడాలంట, రెండు పీరియడ్లు ఖాళీ పెట్టుకోండి. ఆదివారం వస్తా. జవాబు గొంతుతోనే కావాల. 'సరి' అని టైప్ చేస్తే ఒప్పుకోను."

నరేంద్రన్ మైకు గుర్తు మీద వేలు పెట్టాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒక నిమిషంలో పట్టవు.

"ఆమా," అన్నాడు. వేలు తీశాడు. రెండు టిక్కులూ నీలంగా మారేదాకా చూశాడు.

తర్వాత వంటగదిలోకి వెళ్లి, కొత్త క్యాలెండర్‌లో నిన్నటి చీటీ చింపి, వెనక రెండు ముక్కలు రాసి మేకుకు గుచ్చాడు.

సుధాకరన్ వచ్చి చీటీ ముందు నిలబడ్డాడు. నరేంద్రన్ అలవాటుగా చదవబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లద్దాలు సవరించుకుని, వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.

"ఆ-ది-వా-రం... జ-న-ని... వస్తుం-ది. పె-రు-గు... తో-డె-య్యా-లి."

మొత్తం ఒకసారి మళ్లీ చదివాడు, ఈసారి తడబడకుండా. గోడ వైపే చూస్తూ అన్నాడు.

"ఒక గిన్నె చాలదురా. రెండు తోడెయ్యి."